నిమిషానికోసారి ఆడియో తెగుతోంది: బఫర్ 128, సీపీయూ 30 శాతమే. ఎక్కడ వెతకాలి?

మంద్రస్థాయి:

విండోస్ 11 ల్యాప్‌టాప్, 12వ తరం ఐ7, 16 జీబీ ర్యామ్. రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, దాంతో వచ్చిన ఏసియో (తక్కువ ఆలస్యంతో ఆడియో పంపే) డ్రైవరే వాడుతున్నా. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్, 48 కిలోహెర్ట్జ్, బఫర్ (ఒక్కో విడతకి తయారయ్యే ఆడియో ముక్క) 128 శాంపిల్స్. పాడేవాళ్లకి హెడ్‌ఫోన్‌లో వాళ్ల గొంతు రివర్బ్‌తో సహా వినిపించాలి. మృదంగం శాంపిల్స్ (ముందే రికార్డ్ చేసిన దెబ్బలు) మిడి ప్యాడ్ (కొట్టిన దెబ్బని సంకేతంగా కంప్యూటర్‌కి పంపేది) మీద లైవ్‌గా వాయించాలి. బఫర్ పెంచితే ఆలస్యం పెరుగుతుంది, అందుకే పెంచి సరిపెట్టుకునే వీల్లేదు.

దాదాపు నిమిషానికోసారి టక్‌మని ఆడియో తెగుతుంది. మధ్యమధ్యలో ఇంకా సన్నటి క్లిక్కులు కూడా వస్తాయి, అవి నిమిషం కంటే చాలా తొందరగానే వస్తాయి. ప్రాజెక్ట్‌లో ఒక్క ట్రాక్ ఉన్నా ఇరవై ఉన్నా ఇదే పరిస్థితి.

చూసినవి: టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతం దాటదు. బఫర్ 256 చేస్తే తెగడం బాగా తగ్గింది కానీ పోలేదు, 512లో వినపడటం లేదు. లేటెన్సీమాన్ (ఏ డ్రైవర్ సీపీయూని ఎంతసేపు పట్టి ఉంచుతోందో కొలిచే ప్రోగ్రామ్) నడిపితే ఎన్‌డిస్ డాట్ సిస్ (నెట్‌వర్క్‌ది) గరిష్ఠంగా 3,800 మైక్రోసెకన్లు, ఏసీపీఐ డాట్ సిస్ (పవర్, బ్యాటరీ వ్యవహారాలది) 1,900 చూపించింది. రికార్డింగ్ అప్పుడు వైఫై ఎలాగూ డిస్‌కనెక్ట్ చేసే ఉంచుతాను కాబట్టి నెట్‌వర్క్ కారణం కాదనుకుంటున్నా.

ఇంకో సంగతి. అప్పుడప్పుడు ఒక యూఎస్‌బీ మైక్‌ని కూడా ఏసియో ఫర్ ఆల్ (వేర్వేరు పరికరాలని ఒకే ఏసియో డ్రైవర్ కింద చూపించేది)తో ఇంటర్‌ఫేస్‌కి కలిపి వాడాల్సి వస్తుంది. అప్పుడు రెండేసి నిమిషాలకి వేరే రకం క్లిక్ వినిపిస్తుంది. రెండూ ఒకటేనా?

లయపట్టిక:

ఒకటి కావు. ఇలాంటి కేసుల్లో ముందు చూడాల్సింది సీపీయూ శాతాన్ని కాదు, ఒకసారి తెగడానికీ మళ్లీ తెగడానికీ మధ్య ఎంత సమయం ఉందో దాన్ని. ఎప్పుడు పడితే అప్పుడు తెగితే కారణాలు పాతిక ఉంటాయి. గడియారం కొట్టినట్టు తెగుతోందంటే మెషీన్‌లో ఏదో ఒకటి అదే గడువుతో పనిచేస్తోందన్నమాట.

ముందు లెక్క. 48,000లో 128 శాంపిల్స్ అంటే 2.67 మిల్లీసెకన్లు. 256 అంటే 5.33, 512 అంటే 10.67. ఆ గడువు లోపల రీపర్ తర్వాతి బ్లాక్ తయారుచేసి డ్రైవర్‌కి అందించాలి. మీ ఎన్‌డిస్ 3.8 మిల్లీసెకన్లు కోర్‌ని పట్టుకుంటే 128లో తెగడం ఖాయం. 256లో, బ్లాక్ లెక్కించడానికే ఒకటి ఒకటిన్నర మిల్లీసెకన్లు పోతాయి కాబట్టి, మిగిలేది నాలుగు అటూఇటూ. అంటే అంచు మీద ఉన్నారు, ఒక్కోసారి తప్పించుకుంటారు, ఒక్కోసారి దొరికిపోతారు. 512లో ఇబ్బందే లేదు. మీరు చెప్పిన మూడు ఫలితాలూ ఈ లెక్కకి అతికినట్టు సరిపోయాయి.

సీపీయూ ఖాళీగా ఉన్నా ఎందుకు తెగుతుందంటే, పరికరం ఇంటరప్ట్ (ముందు నా పని చూడమనే పిలుపు) ఇచ్చినప్పుడు డ్రైవర్ అత్యవసరమైనది మాత్రం అప్పటికప్పుడు చేసి, మిగతా పనిని డీపీసీ అనే వరసలో పెడుతుంది. ఆ డీపీసీ నడుస్తున్నంతసేపూ ఆ కోర్ మీద ఏ థ్రెడ్డూ కదలదు. ఆడియో థ్రెడ్‌కి ఎంత రియల్‌టైమ్ ప్రయారిటీ ఇచ్చినా అంతే. మీ చేతిలో 300 రూపాయల దర్శనం టికెట్ ఉన్నా, వీఐపీ బ్రేక్ నడుస్తుంటే లైను ఆగాల్సిందే కదా, అలా. డీపీసీ ఏ కోర్ మీద పడిందో ఆడియో థ్రెడ్ కూడా అదే కోర్ మీద ఉంటేనే దెబ్బ తగులుతుంది. అందుకే లేటెన్సీమాన్‌లో కనిపించిన ప్రతి స్పైకూ చెవికి వినపడదు. టాస్క్ మేనేజర్ సెకనుకి సగటు చూపిస్తుంది, సెకనులో నాలుగు మిల్లీసెకన్లు అంటే 0.4 శాతం. అక్కడ కనపడే ప్రసక్తే లేదు.

ఇక వైఫై. డిస్‌కనెక్ట్ చేశాను కాబట్టి అది కాదు అన్నారు. సరిగ్గా అందుకే అదే అయ్యుండాలి. వైఫై ఆన్‌లో ఉండి ఏ నెట్‌వర్క్‌కీ కలవకపోతే, కలవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని విండోస్ దాదాపు 60 సెకన్లకోసారి చానెళ్లన్నీ స్కాన్ చేయిస్తుంది. ఆ స్కాన్‌లో వైఫై డ్రైవర్ చేసే పనే మీకు ఎన్‌డిస్ పేరుతో కనిపిస్తోంది. ఎన్‌డిస్ విండోస్ నెట్‌వర్క్‌కి ఉమ్మడి పొర, కార్డు డ్రైవర్ దాని మీదుగా నడుస్తుంది కాబట్టి టైమంతా దాని ఖాతాలో పడుతుంది. దాన్ని విడిగా అప్‌డేట్ చేసేదేం ఉండదు, వెతక్కండి.

చేయాల్సింది: డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్, వైఫై కార్డు మీద రైట్ క్లిక్, డిసేబుల్ డివైస్. టాస్క్‌బార్‌లో వైఫై బటన్ ఆపడమో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడమో చాలదు, అప్పుడు రేడియో ఆగుతుంది కానీ డ్రైవర్ లోడ్ అయ్యే ఉంటుంది. అదే చోట బ్లూటూత్‌ని కూడా డిసేబుల్ చేయండి, కానీ వైఫైతో పాటు ఒకేసారి కాదు. ఒక్కొక్కటీ మార్చి, లేటెన్సీమాన్ రీసెట్ చేసి, పది నిమిషాలు వదిలి చూడాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలీదు.

నెట్ తప్పదనుకుంటే కేబుల్ వేసుకోండి. వైఫైతోనే ఉండాల్సి వస్తే నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయ్యే ఉండండి, కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ ఉంటే అన్నిటికన్నా తక్కువకి దించండి, విండోస్ లొకేషన్ సర్వీస్ ఆపండి. అయినా స్కాన్‌లు పూర్తిగా పోవు, తగ్గుతాయి.

ఒక చిక్కు ముందే చెప్తున్నా: ఐలాక్ (ప్లగిన్ల లైసెన్స్ చూసే సర్వీస్) క్లౌడ్ లైసెన్స్‌తో నడిచే ప్లగిన్లుంటే వాటికి నెట్ ఉండాల్సిందే. ఆ లైసెన్స్‌ని మెషీన్ మీదకో డాంగిల్ మీదకో మార్చుకున్నాకే నెట్ ఆపండి. లేకపోతే సెషన్ మధ్యలో ప్లగిన్ ఆగిపోతుంది, అది ఇంకో కొత్త డ్రాపౌట్ అనుకుంటారు.

చిట్టిస్పీకర్:

పైన చెప్పిన వైఫై సంగతి నిజమే. కానీ లేటెన్సీమాన్‌లో ఎర్రగా కనిపించిందల్లా దొంగ అనుకోకూడదు. దాని ఎరుపు హద్దుకి మీ బఫర్ ఎంతో తెలీదు. కాబట్టి తెగడాలని కొలవండి.

పద్ధతి: ఖాళీ ప్రాజెక్ట్ ఒకటి తెరిచి, ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి అదే ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌కి ఒక కేబుల్ పెట్టండి. రీపర్‌లో ఒక ట్రాక్ మీద జేఎస్ టోన్ జనరేటర్, 1 కిలోహెర్ట్జ్, మైనస్ 12 డీబీ. ఇంకో ట్రాక్‌లో ఆ ఇన్‌పుట్‌ని రికార్డ్‌కి ఆర్మ్ చేయండి. ఆ ట్రాక్ మానిటరింగ్ తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి, ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ కూడా ఆఫే. లేకపోతే ఫీడ్‌బ్యాక్ లూప్ అవుతుంది, హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని ఉంటే చాలా ప్రమాదం. పదిహేను నిమిషాలు రికార్డ్ చేసి ఐటమ్‌ని స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ క్షణాన ఏ స్వరాలున్నాయో చూపే చిత్రం) చూస్తే సన్నటి అడ్డగీత ఒకటే ఉండాలి. ఎక్కడ తెగిందో అక్కడ నిలువు గీత పడుతుంది. చెవికి దొరకనివి కూడా బయటపడతాయి. వాటి మధ్య దూరాలు రాసుకోండి.

ఇప్పుడు బఫర్ రెట్టింపు చేసి మళ్లీ అదే పరీక్ష చేయండి.

దూరం మారకుండా (60 సెకన్లు 60గానే) తెగడాలు మాత్రమే తగ్గితే, అది డ్రైవరో, స్కానో, ఏదో టైమర్‌తో నడిచేది. దూరం కూడా దాదాపు రెట్టింపు అయితే అది క్లాక్ సమస్య. డీపీసీతో దానికి సంబంధమే లేదు, మెషీన్‌ని ఎంత ట్యూన్ చేసినా పోదు.

మీ యూఎస్‌బీ మైక్ కేసు ఈ రెండోదే. మైక్‌లో ఒక క్రిస్టల్ (శాంపిల్స్ వేగాన్ని నిర్ణయించే గడియారం, అంటే క్లాక్), ఇంటర్‌ఫేస్‌లో ఇంకో క్రిస్టల్. రెండిటి మీదా 48,000 అనే రాసి ఉన్నా రెండూ ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో పాతిక వంతుల తేడా ఉందనుకుంటే సెకనుకి 1.2 శాంపిల్స్ తేడా పేరుకుంటుంది. 128 శాంపిల్స్ జరగడానికి 107 సెకన్లు. అప్పటికి ఒక బఫర్ నిండిపోతుంది, లేదా ఖాళీ అయిపోతుంది, క్లిక్. 256లో అదే 213 సెకన్లు. మీరు చెప్పిన ‘రెండేసి నిమిషాలు’ ఇక్కడి నుంచే వచ్చి ఉండాలి. బఫర్ పెంచితే క్లిక్ దూరమవుతుంది తప్ప పోదు.

యూఎస్‌బీ మైక్‌కి బయటి క్లాక్ ఇచ్చే దారి ఉండదు. కాబట్టి ఆ రెంటినీ ఏసియో ఫర్ ఆల్‌తో కలపడం మానేయాలి. ఇంటర్‌ఫేస్‌లో రెండో ప్రీఆంప్ ఖాళీగానే ఉంటుంది కదా, దానికి ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ పెట్టుకోవడమే దీనికి మందు. తప్పకపోతే యూఎస్‌బీ మైక్‌ని వేరే మెషీన్‌లో రికార్డ్ చేసి, మొదట్లోనూ చివర్లోనూ ఒక్కో చప్పట కొట్టి, తర్వాత రెండు చప్పట్లూ కలిసేలా ఐటమ్‌ని కొంచెం సాగదీయాలి. పైన చెప్పిన తేడాకి గంట రికార్డింగ్‌లో 90 మిల్లీసెకన్లు జరుగుతుంది. తాళం ఉన్న పాటలో అది కచ్చితంగా తెలుస్తుంది.

ఎస్‌పీడీఐఎఫ్ అనే డిజిటల్ ఆడియో కనెక్షన్‌తో రెండో ప్రీఆంప్ కలిపేవాళ్లకి కూడా ఇదే జబ్బు, ఇంకా ఘాటుగా. అక్కడ తేడాని దాచడానికి పెద్ద బఫర్ ఉండదు, కాబట్టి ఒక్క శాంపిల్ జారినా క్లిక్కే, సెకనుకి ఒకటి చొప్పున రావచ్చు. డిజిటల్ ఇన్ ఎటు వస్తోందో ఆ ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్‌లో క్లాక్ సోర్స్‌ని ఇంటర్నల్ నుంచి ఎస్‌పీడీఐఎఫ్‌కి మార్చాలి. ఒకటే మాస్టర్.

అన్నట్టు, డెమో ప్లగిన్లు ఏమైనా ఉన్నాయా? కొన్ని నిర్ణీత గడువుకోసారి కావాలనే సైలెన్స్ వేస్తాయి. టోన్ పరీక్ష ఖాళీ ప్రాజెక్ట్‌లో చేయమనడానికి అదీ ఒక కారణం.

కేబుల్‌కట్ట:

ఏసీపీఐ 1,900 గురించి ఎవరూ మాట్లాడలేదు. నిమిషంలోపే వచ్చే ఆ సన్నటి క్లిక్కులు అవే కావచ్చు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఎంత ఉందో విండోస్ మాటిమాటికీ అడుగుతుంటుంది, ఆ జవాబు ఎంబెడెడ్ కంట్రోలర్ (బ్యాటరీ, ఫ్యాన్ లాంటివి చూసే చిన్న చిప్) నుంచి రావాలి. బయోస్ సరిగ్గా రాయని ల్యాప్‌టాప్‌లలో ఆ ఒక్క ప్రశ్నకే మిల్లీసెకన్లు పోతాయి.

డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ‘మైక్రోసాఫ్ట్ ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ’ ఉంటుంది. చార్జర్ పెట్టి ఉంచి దాన్ని డిసేబుల్ చేసి చూడండి. దాని పక్కనున్న ఏసీ అడాప్టర్‌ని కదపొద్దు. ఇది డిసేబుల్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ శాతం కనపడదు, అయిపోతోందన్న హెచ్చరికా రాదు. కరెంటు పోయి చార్జర్ ఆగితే మీకు తెలిసేలోపు మెషీన్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. సెషన్ అయ్యాక మళ్లీ ఎనేబుల్ చేయడం మర్చిపోకండి.

అదే దారిలో ఫ్యాన్ కంట్రోల్, కీబోర్డ్ లైట్లు, టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్లు, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చే ‘కంట్రోల్ సెంటర్’ లాంటివి కూడా ఉన్నాయి. ఇవన్నీ సెకనుకో రెండు సెకన్లకో సెన్సర్లని చదువుతుంటాయి. విండో మూసేస్తే చాలదు, సర్వీసెస్‌లో కూడా ఆపాలి. వీటిలో కొన్ని ఎస్ఎంఐ తెప్పిస్తాయి. అది వచ్చిందంటే విండోస్‌కి తెలియకుండానే సీపీయూ మొత్తం బయోస్ చేతిలోకి వెళ్లిపోతుంది. ఏ డ్రైవర్ పేరూ ఎరుపెక్కదు, లేటెన్సీ మాత్రం ఎగురుతుంది. అలా కనిపిస్తే లేటెన్సీమాన్ ఆప్షన్స్‌లో ఎస్ఎంఐలనీ సీపీయూ స్టాల్స్‌నీ కొలిచే పద్ధతి ఎంచుకుని చూడండి. దానికి బయోస్ అప్‌డేట్ తప్ప పెద్ద దారి లేదు.

పవర్ సెట్టింగ్స్ అందరూ చెప్పేవే కాబట్టి గబగబా: పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిసేబుల్డ్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లలో హై పెర్ఫార్మెన్స్ ప్లాన్ అసలు కనపడదు, బ్యాలెన్స్‌డ్ ఒక్కటే ఉంటుంది, అందులోనే ఇవి కనిపిస్తే మార్చుకోవచ్చు. సీ-స్టేట్స్ (ఖాళీగా ఉన్న సీపీయూ నిద్రపోయే స్థితులు) ఆపమని ఎవరైనా చెప్తే డెస్క్‌టాప్‌కి సరే, ల్యాప్‌టాప్ బయోస్‌లో చాలాసార్లు ఆ ఆప్షనే ఉండదు. ఉన్నా, వేడెక్కి క్లాక్ స్పీడ్ తగ్గిందంటే లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఇంటర్‌ఫేస్‌ని హబ్‌లో పెట్టకండి. డివైస్ మేనేజర్‌లో వ్యూ, ‘డివైసెస్ బై కనెక్షన్’ చూస్తే ఇంటర్‌ఫేస్ ఏ యూఎస్‌బీ కంట్రోలర్ కింద ఉందో, దానితో పాటు ఇంకేం వేలాడుతున్నాయో తెలుస్తుంది. వెబ్‌క్యామ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ అదే దారిలో ఉంటే పోర్ట్ మార్చండి.

మంద్రస్థాయి:

ఖాళీ ప్రాజెక్ట్‌లో టోన్ పరీక్ష చేశాను. 128లో నిలువు గీతలు 60, 61 సెకన్ల దూరంలో ఉన్నాయి. వాటి మధ్యలో 15 సెకన్లకోసారి సన్నటివి. 256లో దూరాలు అవే, సన్నటివి పోయాయి, పెద్దవి కొన్నే మిగిలాయి.

వైఫై కార్డు డిసేబుల్ చేస్తే 60 సెకన్లవి పూర్తిగా పోయాయి, ఎన్‌డిస్ గరిష్ఠం 200 మైక్రోసెకన్ల లోపే. ఆ తర్వాత బ్యాటరీ డిసేబుల్ చేస్తే 15 సెకన్లవీ పోయాయి. బ్లూటూత్ వల్ల తేడా కనపడలేదు. యూఎస్‌బీ మైక్ కలిపి చూస్తే 128లో దాదాపు 110 సెకన్లు, 256లో 220. క్లాకేనని అర్థమైంది.

మిగిలింది ఒకటి. మృదంగం శాంపిల్స్ కాంటాక్ట్ అనే శాంపిల్ ప్లేయర్ ప్లగిన్‌లో నడుస్తాయి. కొత్తగా ఏదైనా దెబ్బ, ముఖ్యంగా గుమ్కీలు, మొదటిసారి కొట్టినప్పుడు తెగుతుంది. అదే దెబ్బ రెండోసారి బాగానే వస్తుంది. లైబ్రరీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉంది.

లయపట్టిక:

జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది. దీనికి గడువు లేదు కాబట్టి ఇది వేరే జాతి.

కాంటాక్ట్ ప్రతి శాంపిల్‌లోనూ మొదటి ముక్కని మాత్రమే ర్యామ్‌లో పెట్టుకుంటుంది, మిగతాది దెబ్బ పడ్డాక డిస్క్ నుంచి లాగుతుంది. తిరిగే హార్డ్‌డిస్క్‌లో తల కదిలి సరైన చోటికి చేరడానికే 10 మిల్లీసెకన్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. అది నిద్రలో ఉంటే సెకన్లు. రెండోసారి బాగా రావడానికి కారణం, అప్పటికే ఆ ముక్క విండోస్ కాష్‌లో ఉండటం. లైబ్రరీని లోపలి ఎస్ఎస్‌డీకి మార్చండి. చోటు లేకపోతే ఆ మృదంగం ఫోల్డర్ ఒక్కటైనా. మార్చేదాకా కాంటాక్ట్ ఆప్షన్స్‌లో మెమరీ కింద ప్రీలోడ్ సైజు పెంచుకోవచ్చు. అప్పుడు ర్యామ్ ఎక్కువ తింటుంది కాబట్టి, వాడే దెబ్బలన్నీ ఒకసారి కొట్టి పర్జ్ మెనూలో అప్‌డేట్ శాంపిల్ పూల్ చేస్తే వాడనివి దిగిపోతాయి.

లేటెన్సీమాన్ ప్రాసెసెస్ ట్యాబ్ కూడా ఒకసారి చూడండి. హార్డ్ పేజ్‌ఫాల్ట్స్ (కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవాల్సి రావడం) బ్రౌజర్‌కి ఎన్నున్నా పట్టించుకోనక్కర్లేదు. రీపర్ పేరు ఎదురుగా పెరుగుతుంటే ర్యామ్ చాలట్లేదేమో చూడాలి. 16 జీబీలో పాతిక ట్యాబ్‌ల బ్రౌజరూ, పెద్ద లైబ్రరీలూ ఒకేసారి పట్టవు.

చిట్టిస్పీకర్:

పాడేవాళ్ల రివర్బ్ కోసం 128కే కట్టుబడి ఉండక్కర్లేదు. గొంతుని ఇంటర్‌ఫేస్ డైరెక్ట్ మానిటరింగ్‌తో వినిపించండి, అది కంప్యూటర్ దాకా రాదు కాబట్టి ఆలస్యం దాదాపు సున్నా. రీపర్‌లో వోకల్ ట్రాక్ మాస్టర్ సెండ్ ఆపేసి, ప్రీ-ఫేడర్ సెండ్‌తో రివర్బ్ ట్రాక్‌కి మాత్రం పంపండి. రివర్బ్ పూర్తిగా వెట్ (ప్రతిధ్వని మాత్రమే), డ్రై (అసలు గొంతు) సున్నా, ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) సున్నా. బఫర్ 512 పెడితే రానుపోనూ 21 మిల్లీసెకన్ల పైచిలుకు ఆలస్యం. అదే ప్రీ-డిలేగా పనికొస్తుంది, పాడేవాళ్లకి తేడా తెలీదు. డ్రై గొంతు పొరపాటున రీపర్ నుంచి కూడా వచ్చిందంటే మాత్రం రెండు గొంతులు వినిపిస్తాయి.

128 అవసరమయ్యేది మృదంగం వాయించేటప్పుడే. అక్కడ మిడి లోపలికి వస్తుంది కాబట్టి ఇన్‌పుట్ బఫర్ ఆలస్యం కలవదు, అవుట్‌పుట్‌ది ఒక్కటే.

ఆర్మ్ చేసి మానిటర్ చేస్తున్న ట్రాక్ మీద బరువైన ప్లగిన్లు పెట్టకండి. మామూలు ట్రాక్‌లని రీపర్ 200 మిల్లీసెకన్లు ముందుగానే లెక్కేసి ఉంచుకుంటుంది, లైవ్ ట్రాక్‌కి ఆ వెసులుబాటు లేదు, అది 2.67లోనే అయిపోవాలి. ప్లేబ్యాక్‌లో బాగుండి ఆర్మ్ చేయగానే తెగే ప్రాజెక్టుల్లో చాలావాటికి కారణం ఇదే. వ్యూ మెనూలో పెర్ఫార్మెన్స్ మీటర్ తెరిచి ఆర్‌టీ లాంగెస్ట్ బ్లాక్ (లైవ్‌గా లెక్కేయడానికి అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టిన బ్లాక్) ఎంత వస్తోందో చూడండి. 2.67లో 1.5 దాటితే ఆ ట్రాక్ మీద ఏదో ఒకటి తీసేయాలి. లీనియర్ ఫేజ్ ఈక్యూ, లుక్-అహెడ్ లిమిటర్ లాంటివి సీపీయూ తినకపోయినా ఆలస్యం కలుపుతాయి, అవి మిక్సింగ్ దాకా ఆగాలి.

కేబుల్‌కట్ట:

వైఫై, బ్యాటరీ రెండూ ప్రతిసారీ చేత్తో మార్చడం విసుగనిపిస్తే వైఫైని టాస్క్ షెడ్యూలర్‌తో ఒక్క షార్ట్‌కట్ కింద పెట్టుకోవచ్చు. బ్యాటరీని మాత్రం చేత్తోనే మార్చుకోండి, తిరిగి ఆన్ చేయాలన్న సంగతి గుర్తుంటుంది.

విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చాక ఈ సెట్టింగ్స్‌లో కొన్ని వెనక్కి పోతుంటాయి. ముఖ్యంగా యూఎస్‌బీ సస్పెండ్, వైఫై డ్రైవర్ వెర్షన్ చూసుకోండి. ఇప్పుడు బాగున్న స్థితిలో లేటెన్సీమాన్ డ్రైవర్స్ ట్యాబ్ స్క్రీన్‌షాట్ ఒకటి తీసి పెట్టుకుంటే, మళ్లీ తెగినప్పుడు ఏ వరస మారిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.